తప్పు చేశాడని తేల్చారు, మరి ఆ కౌన్సిలర్ ఇంకా కుర్చీలోనే ఎందుకున్నాడు?

ఇంగ్లండ్‌లో ఇల్లు కొనుక్కుని కౌన్సిల్ ట్యాక్స్ కట్టడం మొదలెట్టాక మనవాళ్ళకి ఏదో ఒక రోజు లోకల్ కౌన్సిలర్‌తో పని పడుతుంది, ఇంటి వెనకాల ఎక్స్‌టెన్షన్‌కి పర్మిషనో, పార్కింగ్ గొడవో, బిన్లు తీసుకెళ్ళట్లేదనో. చాలామంది కౌన్సిలర్లు మర్యాదగానే ఉంటారు, ఈమెయిల్ పెడితే జవాబిస్తారు. ఎప్పుడైనా ఒకాయన మీటింగ్‌లో నోరు పారేసుకుంటేనో, ఫేస్‌బుక్‌లో ఇష్టమొచ్చినట్టు రాస్తేనో, అప్పుడు మనం కంప్లయింట్ పెడతాం, ఆర్నెల్లో ఏడాదో గడుస్తుంది, చివరికి "అవును, ఆయన కోడ్ (కౌన్సిలర్ల ప్రవర్తనా నియమావళి) ఉల్లంఘించాడు" అని ఒక లెటర్ వస్తుంది. మర్నాడు చూస్తే ఆయన అదే కుర్చీలో కూర్చుని అదే కమిటీలో ఓటేస్తుంటాడు.

మనకి ఇది మింగుడు పడదు, ఎందుకంటే మనం చూసి వచ్చిన పద్ధతి వేరు. ఆంధ్రలో పంచాయతీరాజ్ చట్టం 249వ సెక్షన్ కింద సర్పంచ్ అధికారాన్ని దుర్వినియోగం చేశాడని కలెక్టర్‌కి అనిపిస్తే నోటీసిచ్చి, సంజాయిషీ అడిగి, పదవి నుంచి తీసెయ్యొచ్చు, విచారణ నడిచేటప్పుడు సస్పెండ్ కూడా చెయ్యొచ్చు. తెలంగాణ చట్టంలోనూ కలెక్టర్‌కి ఇలాంటి అధికారమే ఉంది. ఇంగ్లండ్‌లో కలెక్టర్ అనే మనిషే లేడు. ఎన్నికైన కౌన్సిలర్ని సస్పెండ్ చేసే అధికారం 2012 నుంచీ ఎవరి చేతిలోనూ లేదు, కౌన్సిల్ చేతిలో లేదు, మంత్రి చేతిలో కూడా లేదు. ఇప్పుడు దాన్ని మళ్ళీ తెస్తామని ప్రభుత్వం అంటోంది కాబట్టి ఈ గొడవంతా మళ్ళీ వార్తల్లోకి వచ్చింది.

కౌన్సిలర్‌కి బాస్ ఎవరు?

ముందు ఇది తేల్చుకోకపోతే మిగతాదేదీ అర్థం కాదు. కౌన్సిల్లో రెండు రకాల మనుషులుంటారు. ఆఫీసర్లు జీతం తీసుకునే ఉద్యోగులు, వాళ్ళకి పైఅధికారి ఉంటాడు, తప్పు చేస్తే ఉద్యోగం పోతుంది. కౌన్సిలర్లు మనం ఓటేసి పంపినవాళ్ళు, వాళ్ళకి వచ్చేది జీతం కాదు, అలవెన్స్. వాళ్ళని ఎవరూ ఉద్యోగంలో పెట్టుకోలేదు కాబట్టి ఎవరూ పీకెయ్యలేరు, మామూలుగా నాలుగేళ్ళకోసారి వచ్చే ఎలక్షనే వాళ్ళకి బాస్. ఎంపీలకైతే 2015లో రీకాల్ చట్టం (ఓటర్లు మధ్యలోనే వెనక్కి పిలిచే వీలు) తెచ్చారు, కౌన్సిలర్లకి అది కూడా లేదు.

ఆపైన కౌన్సిళ్ళలోనూ అంతస్తులున్నాయి. కౌంటీ, డిస్ట్రిక్ట్, యూనిటరీ, లండన్ బరో, ఇవి పెద్దవి. వాటి కింద సుమారు 10,000 దాకా పారిష్, టౌన్ కౌన్సిళ్ళున్నాయి, పార్కులు, శ్మశానాలు, బస్ షెల్టర్లు చూసుకునే చిన్న సంస్థలు. పారిష్ కౌన్సిలర్ మీద కంప్లయింట్ పెడితే దాన్ని ఆ పారిష్ విచారించదు, పైనున్న డిస్ట్రిక్ట్ లేదా యూనిటరీ కౌన్సిల్ విచారిస్తుంది. కానీ విచారణ అయ్యాక "ఫలానాది చెయ్యండి" అని పారిష్‌కి సిఫార్సు మాత్రమే చెయ్యగలదు. చెయ్యం అని పారిష్ అంటే అంతే సంగతులు.

కంప్లయింట్ ఎవరి బల్ల మీదకి వెళ్తుంది

2011 నాటి లోకలిజం యాక్ట్ ప్రకారం ప్రతి కౌన్సిల్‌కీ ఒక కోడ్ ఆఫ్ కాండక్ట్ ఉండాలి, అది నోలన్ సూత్రాలు అని పిలిచే ఏడింటికి తగ్గట్టు ఉండాలి. 1995లో నోలన్ కమిటీ చెప్పినవి ఇవి: నిస్వార్థం, చిత్తశుద్ధి, నిష్పాక్షికత, జవాబుదారీతనం, పారదర్శకత, నిజాయితీ, నాయకత్వం. వినడానికి పెళ్ళి శుభలేఖ మీద శ్లోకంలా బాగుంటాయి కానీ కోడ్‌లో అసలు ఏం రాసుకోవాలన్నది చాలావరకు ఏ కౌన్సిల్ ఇష్టం దానిది. ఒక ఊళ్ళో కోడ్ ఒకటిన్నర పేజీ, పక్క ఊళ్ళో పదిహేను పేజీలు, ఒకదాంట్లో బెదిరింపుల గురించి రాసుంటుంది, ఇంకోదాంట్లో ఆ మాటే ఉండదు. 2020 డిసెంబర్‌లో లోకల్ గవర్నమెంట్ అసోసియేషన్ ఒక మోడల్ కోడ్ తయారుచేసింది, చాలా కౌన్సిళ్ళు తీసుకున్నాయి, తీసుకోవాలన్న రూలైతే లేదు.

కంప్లయింట్ వెళ్ళేది మానిటరింగ్ ఆఫీసర్ దగ్గరికి. ఈయన లేదా ఈమె కౌన్సిల్లోనే పనిచేసే ఆఫీసర్, చాలాచోట్ల లీగల్ డిపార్ట్‌మెంట్ హెడ్డే ఈ పనీ చూస్తారు. మొదట చేసేది జల్లెడ పట్టడం. ఆయన అప్పటికి కౌన్సిలరేనా? కౌన్సిలర్ హోదాలోనే ఆ పని చేశాడా? నిజమే అనుకున్నా అది కోడ్‌కి విరుద్ధమవుతుందా? దీని మీద ప్రజల డబ్బు ఖర్చుపెట్టడం సబబేనా? ఇక్కడే చాలా కంప్లయింట్లు రాలిపోతాయి. "నా ప్లానింగ్ అప్లికేషన్‌కి వ్యతిరేకంగా ఓటేశాడు", "నేను చెప్పిన మాట మీటింగ్‌లో ఎత్తలేదు" లాంటివి ప్రవర్తనకి సంబంధించిన తప్పులు కావు, అవి నిర్ణయాలు, నచ్చకపోతే దానికి వేరే దారులున్నాయి.

జల్లెడ దాటితే ముందు రాజీ ప్రయత్నం, ఒక క్షమాపణ, కొంచెం ట్రైనింగ్. అప్పటికీ కుదరకపోతే విచారణ. ఇక్కడ ఇండిపెండెంట్ పర్సన్ అని ఒకరొస్తారు. వాళ్ళు ఆ కౌన్సిల్ సభ్యులో ఉద్యోగులో అయి ఉండకూడదు, గత ఐదేళ్ళలోనూ అయి ఉండకూడదు, వాళ్ళ చుట్టమో దగ్గరి స్నేహితుడో కూడా కాకూడదు. విచారణ జరిపిన కేసులో తీర్పు చెప్పేముందు ఈ మనిషి అభిప్రాయం తప్పనిసరిగా తీసుకోవాలి, తీసుకోవాలి అంతే, పాటించాలని లేదు. తీర్పు మామూలుగా స్టాండర్డ్స్ కమిటీ చెప్తుంది. ఆ కమిటీలో ఎవరుంటారు? కౌన్సిలర్లే. అంటే సాటి కౌన్సిలర్ల మీద కౌన్సిలర్లు తీర్పు చెప్పడం, దానికి కావాల్సిన రిపోర్టు వాళ్ళ కిందే ఉద్యోగం చేసే ఆఫీసర్ నడిపించడం. ఆ ఆఫీసర్ పరిస్థితి ఒక్కసారి ఊహించుకోండి, కౌన్సిల్ లీడర్ మీదే కంప్లయింట్ వచ్చిన రోజున. చాలామంది బయటి లాయర్‌ని పెట్టి విచారణ చేయించేది అందుకే, దాని బిల్లు కట్టేది మళ్ళీ మనమే.

ఏ హోదాలో అన్నాడన్నదే అసలు మెలిక

2005 ఫిబ్రవరిలో అప్పటి లండన్ మేయర్ కెన్ లివింగ్‌స్టన్ ఒక పార్టీ నుంచి బయటికొస్తుంటే ఈవినింగ్ స్టాండర్డ్ రిపోర్టర్ ఒకరు పలకరించారు. ఆ రిపోర్టర్ తాను యూదుణ్ణని చెప్పినా కూడా లివింగ్‌స్టన్ ఆయన్ని నాజీ క్యాంప్ గార్డుతో పోల్చారు. పెద్ద దుమారం రేగింది, 2006లో, అప్పట్లో ఇలాంటి కేసులు తేల్చే అడ్జుడికేషన్ ప్యానెల్ ఆయన్ని నాలుగు వారాలు సస్పెండ్ చేసింది. ఆ సస్పెన్షన్ మొదలవకముందే జడ్జి ఆపేశారు, అదే ఏడాది అక్టోబర్‌లో హైకోర్టు మొత్తం కొట్టేసింది. అలా అనడం మర్యాద కాకపోవచ్చు, కానీ పార్టీ నుంచి ఇంటికెళ్తున్న మనిషి మేయర్‌గా డ్యూటీలో లేడు కాబట్టి కోడ్ అంతదూరం రాదు అని దాని సారాంశం. కోటి మందికి దగ్గర్లో జనాభా ఉన్న నగరానికి మేయర్ అయినా సరే.

ఈ సంగతిని మనకి తెలిసిన సీన్‌లో పెట్టి చూద్దాం, కల్పితమే. ఇంగ్లండ్‌లో ఒక ఊళ్ళో తెలుగు అసోసియేషన్ ఉంది, ఎలక్షన్లు దగ్గరపడ్డాయి, రెండు వర్గాలు (మనవాళ్ళు ముగ్గురుంటే రెండు అసోసియేషన్లు కదా). ఒక వర్గంలో ఉన్నాయన ఆ ఊరి కౌన్సిలర్ కూడా. వాట్సాప్ గ్రూప్‌లో ఆయన అవతలి వర్గం ట్రెజరర్‌ని నానా బూతులు తిట్టాడు. కంప్లయింట్ పెడితే? దాదాపు కచ్చితంగా జల్లెడ దగ్గరే ఆగిపోతుంది, అది అసోసియేషన్ గొడవ, కౌన్సిల్ పని కాదు. ఇప్పుడు ఒక్క వాక్యం కలుపుదాం, తిట్టి ఊరుకోకుండా "ఉగాదికి కమ్యూనిటీ హాల్ మీకెలా దొరుకుతుందో నేనూ చూస్తా, కౌన్సిల్లో ఉన్నది నేను" అన్నాడు. కథ మారిపోయింది, పదవి పేరు చెప్పి బెదిరించాడు, మోడల్ కోడ్ ప్రకారం పదవిని దుర్వినియోగం చేసినా, కౌన్సిలర్ హోదాలో మాట్లాడుతున్నాడని మామూలు మనిషికి అనిపించేలా ప్రవర్తించినా కోడ్ వర్తిస్తుంది. మూడోది, తాను తిట్టలేదు, బెదిరించలేదు, కానీ ప్రొఫైల్ పేరే "కౌన్సిలర్ ఫలానా" అని పెట్టుకుని అదే అకౌంట్‌తో వేరేవాళ్ళు రాసిన తిట్ల పోస్ట్ ఫేస్‌బుక్‌లో షేర్ చేశాడు. ఇక్కడ రెండువైపులా వాదించొచ్చు, పేరుకి ముందు కౌన్సిలర్ అని ఉన్నంత మాత్రాన సరిపోదు, పోస్ట్ దేని గురించి అన్నది కూడా చూస్తారు. మానిటరింగ్ ఆఫీసర్లకి నిద్ర పట్టనివ్వని కేసులు ఇవే.

హోదా తేలినా ఇంకో గోడ ఉంది, మాట్లాడే స్వేచ్ఛ. వేల్స్‌లోని ఫ్లింట్‌షైర్‌లో ఒక కౌన్సిలర్ ఆఫీసర్లతో ప్రవర్తించిన తీరు మీద రెండున్నరేళ్ళు అనర్హుడని అక్కడి అడ్జుడికేషన్ ప్యానెల్ తేల్చింది, 2014లో హైకోర్టు దాన్ని 18 నెలలకి తగ్గించింది. హీసమ్ కేసు అని అందరూ చెప్పుకునేది ఇదే. రాజకీయాల్లో ఘాటుగా, అతిగా, రెచ్చగొట్టేలా మాట్లాడినా యూరోపియన్ మానవ హక్కుల ఒప్పందం 10వ ఆర్టికల్ కింద మామూలు మాటల కంటే ఎక్కువ రక్షణ ఉంటుందని అందులో తేలింది. రాజకీయ నాయకుల చర్మం మందంగా ఉండాలి, ఆఫీసర్లకీ కొంత ఓర్పు ఉండాలి కానీ నాయకులంత అక్కర్లేదు, వాళ్ళు తిరిగి జవాబు చెప్పలేరు కదా. కాబట్టి కౌన్సిల్ మీటింగ్‌లో అవతలి పార్టీ లీడర్‌ని "నీకు లెక్కలు రావు, అబద్ధాలొచ్చు" అన్నా చెల్లిపోవచ్చు, అదే మాట జూనియర్ క్లర్కుని పదిమందిలో నిలబెట్టి అంటే చెల్లకపోవచ్చు.

జాకీ వీవర్ వీడియోలో నవ్వులు పోను మిగిలింది

2020 డిసెంబర్‌లో చెషైర్‌లోని హ్యాండ్‌ఫోర్త్ పారిష్ కౌన్సిల్ జూమ్ మీటింగ్ పెట్టుకుంది. ఛైర్మన్, ఇంకొందరు సభ్యులు అరుచుకుంటుంటే మీటింగ్ నడపడానికి సాయంగా వచ్చిన జాకీ వీవర్ అనే ఆవిడ ఛైర్మన్‌ని టక్కున మీటింగ్ నుంచి బయటికి తోసేసింది. "నీకిక్కడ ఏ అధికారమూ లేదు జాకీ వీవర్" అని ఆయన అరిచిన మాట 2021 ఫిబ్రవరిలో వైరలై లోకమంతా నవ్వుకుంది, ఆవిడ రాత్రికి రాత్రి సెలబ్రిటీ అయిపోయింది.

తర్వాత జరిగింది ఎవరూ ఫార్వర్డ్ చెయ్యలేదు. కంప్లయింట్లు చెషైర్ ఈస్ట్ కౌన్సిల్‌కి వెళ్ళాయి, బయటివాళ్ళతో విచారణలు చేయించారు, 2022లో రిపోర్టులొచ్చాయి, ఖర్చు 85,000 పౌండ్లు దాటింది. చట్టప్రకారం చూస్తే ఆవిడకి నిజంగానే వాళ్ళని బయటికి పంపే అధికారం లేదని, ఆ రోజు అక్కడున్న పరిస్థితిలో ఎందుకలా చేసిందో మాత్రం అర్థం చేసుకోవచ్చని తేలింది. అంటే అరిచినాయన అధికారం గురించి అన్న మాట కరెక్టే! ఒక చిన్న పారిష్ మీటింగ్‌కి అంత ఖర్చయ్యింది, పైగా తప్పు తేలినా కూడా వెయ్యడానికి చేతిలో పెద్ద శిక్షంటూ లేదు.

శిక్షల డబ్బాలో ఏముంది

సెన్షూర్ ఉంది, అంటే కౌన్సిల్ సభలో తప్పుపడుతూ తీర్మానం చెయ్యడం. తీర్పుని వెబ్‌సైట్‌లో పెట్టొచ్చు, క్షమాపణ చెప్పమని అడగొచ్చు, ట్రైనింగ్‌కి వెళ్ళమనొచ్చు. చెప్పను, వెళ్ళను అంటే బలవంతం చెయ్యలేరు. కమిటీల నుంచి తప్పించమని ఆయన పార్టీ గ్రూప్ లీడర్‌ని అడగొచ్చు, లీడర్ ఒప్పుకుంటే నొప్పి తెలుస్తుంది, కానీ ఆ లీడరే నిందితుడైతే? ఏ పార్టీలోనూ లేని ఇండిపెండెంట్ అయితే? ఇక మందలించడానికి ఎవరూ లేనట్టే.

సరే, చట్టంలో లేకపోతే మనమే ఏదో ఒకటి చేద్దాం అనుకుంది హెర్‌ఫర్డ్‌షైర్‌లోని లెడ్‌బరీ టౌన్ కౌన్సిల్. తమ సిబ్బందిని ఇబ్బంది పెట్టిందని ఒక మహిళా కౌన్సిలర్‌ని ఉద్యోగుల గ్రీవెన్స్ పద్ధతిలో విచారించి, కమిటీల్లో కూర్చోకుండా, స్టాఫ్‌తో మాట్లాడకుండా ఆంక్షలు పెట్టింది. ఆవిడ కోర్టుకెళ్ళింది, 2018లో హైకోర్టు ఆవిడ పక్షాన తీర్పిచ్చింది. కౌన్సిలర్ ప్రవర్తన మీద కంప్లయింట్ ఏదైనా లోకలిజం యాక్ట్ దారిలోనే వెళ్ళాలి, పక్కదారి లేదు అని. బాధపడిన స్టాఫ్ వైపు నుంచి చూస్తే ఇది చేదుగానే ఉంటుంది. కానీ అవతలి వైపు నుంచీ చూడాలి, మెజారిటీ ఉన్న వర్గం తమకి నచ్చని ఒంటరి సభ్యురాలి నోరు ఇలాంటి దొడ్డిదారిన నొక్కెయ్యగలిగితే రేపు ఇంకెవరి నోరైనా నొక్కొచ్చు.

డబ్బు సంగతి మాత్రం పూర్తిగా వేరు, ఇక్కడ చాలామంది తికమక పడతారు. కౌన్సిలర్ తన ఉద్యోగం, ఆస్తులు, షేర్లు, కౌన్సిల్‌తో ఉన్న కాంట్రాక్టులు, అలాగే భార్య లేదా భర్తవి కూడా, 28 రోజుల్లో రిజిస్టర్లో రాయాలి, వాటికి సంబంధించిన విషయం వస్తే ఓటెయ్యకూడదు. సరైన కారణం లేకుండా దాచిపెడితే అది నేరం, జరిమానా, పైగా కోర్టు ఐదేళ్ళ దాకా అనర్హత వెయ్యగలదు. దీనికి పోలీసుల దగ్గరికెళ్ళాలి. డోర్సెట్‌లో ఒక కౌన్సిలర్ 2015లో ఈ నేరం కింద దోషిగా తేలాడు, తాను డైరెక్టర్‌గా ఉన్న హౌసింగ్ సంస్థకి సంబంధం ఉన్న విషయంలో ఓటేసినందుకు, పడింది కండిషనల్ డిశ్చార్జ్ (మళ్ళీ తప్పు చెయ్యకూడదన్న షరతుతో శిక్ష లేకుండా వదిలెయ్యడం) మాత్రమే. ఇంకోటి, మూడు నెలలు లేదా అంతకంటే ఎక్కువ జైలు శిక్ష పడితే, అది సస్పెండెడ్ (అంటే వెంటనే జైలుకి పంపకుండా ఆపి ఉంచిన శిక్ష) అయినా సరే, సీటు పోతుంది. ఆర్నెల్లు వరసగా మీటింగులకి రాకపోయినా పోతుంది. అంటే జనాన్ని ఏళ్ళ తరబడి తిట్టినా సీటు పోదు, ఆమోదం లేకుండా ఆర్నెల్లు మీటింగ్ ఎగ్గొడితే పోతుంది!

అసలు ఈ కోరలు ఎవరు పీకారు, ఎందుకు పీకారు

2000లో వచ్చిన చట్టంతో స్టాండర్డ్స్ బోర్డ్ ఫర్ ఇంగ్లండ్ అని ఒక జాతీయ సంస్థ పెట్టారు, సస్పెన్షన్ ఉండేది, ఐదేళ్ళ దాకా అనర్హత ఉండేది. ఏమైందంటే ప్రతి పారిష్ గొడవా పైకి ఎక్కేది, ఆయన నన్ను చూసి మొహం చిట్లించాడు లాంటివి కూడా, ఎలక్షన్ల ముందు ప్రత్యర్థి మీద ఒక కంప్లయింట్ పడేసి "ఈయన మీద విచారణ నడుస్తోంది" అని పాంప్లెట్ పంచడం ఒక అలవాటైపోయింది. 2010లో వచ్చిన కూటమి ప్రభుత్వం ఇదంతా చిల్లర ఫిర్యాదుల ఫ్యాక్టరీ అంటూ 2012 మార్చి 31న ఆ బోర్డుని మూసేసింది, సస్పెన్షన్ కూడా దాంతోపాటే పోయింది. ఓటరు ఎన్నుకున్న మనిషిని ఓటరే దించాలి అన్నది వాళ్ళ వాదన.

ఈ వాదనని తేలిగ్గా తీసిపారెయ్యలేం. సస్పెండైన కౌన్సిలర్ వార్డుకి ఆ కొన్ని నెలలూ గొంతు ఉండదు, ఒక్క సీటు తేడాతో నడిచే కౌన్సిల్లో ఒకరిని సస్పెండ్ చేస్తే అధికారమే చేతులు మారొచ్చు. మన దగ్గర కూడా కలెక్టర్ సస్పెండ్ చెయ్యడం, హైకోర్టు స్టే ఇవ్వడం, అంతా అధికార పార్టీ ఒత్తిడే అని ఆరోపణలు రావడం, ఇది మనకి తెలియని కథేం కాదు. అవతలి వాదన కూడా అంతే బలంగా ఉంది. నాలుగేళ్ళు ఆగి ఓటుతో బుద్ధి చెప్పమనడం ఓటరుకి సరిపోవచ్చు, ఆ నాలుగేళ్ళూ ఆయన తిట్లు పడే క్లర్కుకి సరిపోదు. చాలా పారిష్‌లలో సీట్లకి సరిపడా అభ్యర్థులే ఉండరు, పోటీ లేకుండానే గెలుస్తారు, అక్కడ ఓటరు బుద్ధి చెప్పేదెలా?

2019 జనవరిలో ప్రజా జీవితంలో ప్రమాణాలు చూసే కమిటీ పెద్ద రిపోర్టు ఇచ్చింది, అలవెన్స్ లేకుండా ఆర్నెల్ల దాకా సస్పెన్షన్ తీసుకురండి, అప్పీల్ కూడా పెట్టండి అని. 2022లో అప్పటి ప్రభుత్వం వద్దంది. ఈలోపు సరిహద్దు దాటితే చాలు రూల్స్ వేరు. వేల్స్‌లో కంప్లయింట్ నేరుగా ఓంబుడ్స్‌మన్‌కి వెళ్తుంది, అడ్జుడికేషన్ ప్యానెల్ ఏడాది దాకా సస్పెండ్, ఐదేళ్ళ దాకా అనర్హత వెయ్యగలదు. స్కాట్లండ్‌లో విచారించేది ఒక కమిషనర్, తీర్పు చెప్పేది స్టాండర్డ్స్ కమిషన్, అక్కడా ఏడాది, ఐదేళ్ళే. ఈ రెండుచోట్లా ప్రజాస్వామ్యమేం కూలిపోలేదు, అలాగని చిల్లర కంప్లయింట్లూ మాయమవ్వలేదు. ఇంగ్లండ్‌లో ఉన్న ఓంబుడ్స్‌మన్ మాత్రం కౌన్సిల్ కంప్లయింట్‌ని సరిగ్గా నడిపిందా లేదా అన్నదే చూస్తుంది, తీర్పు తప్పా ఒప్పా అన్నది చూడదు, పారిష్ కౌన్సిళ్ళ జోలికి అసలే రాదు.

ఇప్పుడు మారబోయేదేంటి

2024 డిసెంబర్‌లో లేబర్ ప్రభుత్వం అభిప్రాయాలు అడిగింది, 2025 నవంబర్‌లో తన నిర్ణయం చెప్పింది. దేశమంతటికీ ఒకటే తప్పనిసరి కోడ్, ప్రతి ప్రధాన కౌన్సిల్లో స్టాండర్డ్స్ కమిటీ, తీవ్రమైన కేసుల్లో ఆర్నెల్ల దాకా సస్పెన్షన్, అలవెన్స్ ఆపే వీలు, అప్పీల్‌కి ఒక జాతీయ వ్యవస్థ. ఐదేళ్ళలో రెండుసార్లు గరిష్ఠ సస్పెన్షన్ పడితే అనర్హత. దీనికి పార్లమెంట్‌లో చట్టం కావాలి.

నా మట్టుకు నాకు సస్పెన్షన్ కంటే ఆ అప్పీల్ ముక్కే ముఖ్యమనిపిస్తుంది, ఎందుకంటే సాటి కౌన్సిలర్లే తీర్పరులుగా ఉన్నంతకాలం శిక్ష పెరిగే కొద్దీ దాన్ని రాజకీయానికి వాడుకోవాలన్న ఆశ కూడా పెరుగుతుంది, 2012కి ముందు బోర్డు జాతీయ స్థాయిలో ఉండగానే ఆ ఆశ ఎంత పని చేసిందో చూశాం. ఇంకోవైపు చిన్న డిస్ట్రిక్ట్ కౌన్సిల్ మానిటరింగ్ ఆఫీసర్‌కి ఇప్పటికే ఊపిరాడట్లేదు, నిజమైన శిక్ష ఉందని తెలిస్తే కంప్లయింట్లు పెరుగుతాయి, ప్రతి కౌన్సిలరూ లాయర్‌ని పెట్టుకుంటాడు, ఒక్క హ్యాండ్‌ఫోర్త్‌కే 85,000 పౌండ్లయితే మిగతా పారిష్‌ల సంగతేంటి?

చట్టం మారేదాకా పాత రూలే. పైన చెప్పిన కమ్యూనిటీ హాల్ బెదిరింపు మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి ఇవాళ ఎవరైనా మానిటరింగ్ ఆఫీసర్‌కి పంపితే, మామూలుగా పంపినవాళ్ళ పేరు ఆ కౌన్సిలర్‌కి తెలుస్తుంది, కేసు నిలబడొచ్చు, తప్పు తేలొచ్చు, తీర్మానం కూడా రావొచ్చు. ఉగాదికి హాల్ బుక్ చెయ్యడానికి వెళ్ళినప్పుడు ఆయన ఇంకా కౌన్సిలరే.